నాలుగంగుళాల నీళ్ళు

ఆయనకి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఊరంతా ఆయన్ని అంగుళాలు అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆనకట్ట దగ్గర నీటిమట్టం చూసి రాయడమే ఆయన ఉద్యోగం. పొద్దున ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి మెట్లు దిగి, రాతి స్తంభానికి బిగించిన కొలత పలక ముందు నిలబడి, ఇవాళ ఇన్ని అంగుళాలని పుస్తకంలో రాస్తాడు. ఒంట్లో బాగున్నా బాగోలేకపోయినా, ఎండైనా వానైనా ఆ రెండు వేళలూ తప్పలేదు. సొంత బావమరిది తన పెళ్ళి శుభలేఖ మీద "అంగుళాలు బావగారికి" అని రాసి పంపాడంటే ఇక చెప్పేదేముంది.

ఆ మంగళవారం పొద్దున తాపీ మేస్త్రి మోకాటి లోతు నీళ్ళలో నిలబడి స్తంభానికి పట్టిన పాచిని ఇనుప బ్రష్షుతో తోముతున్నాడు. ఎల్లుండి గురువారం ఒప్పందం మీద సంతకాలు. సంతకాలయ్యాక పెద్దలందరూ పలక చూడ్డానికి వస్తారు కాబట్టి స్తంభం శుభ్రంగా ఉండాలని అంగుళాలే మేస్త్రిని పిలిపించాడు. తను మెట్టు మీద కూర్చుని, అక్కడ తోము, ఇక్కడ తోము అని పురమాయిస్తున్నాడు.

"ఏవండీ, ఇక్కడ ఇంకో గీతుందేంటి?" అన్నాడు మేస్త్రి.

"గీత ఉంటుందిలే. పలక పైఅంచు దాని దగ్గరే కదా పెట్టాం."

"అది కాదండీ. పలక పెట్టిన గీత కింద ఉంది. ఇది దానికి పైన, జానెడు కూడా లేదు. ఇదే పాతదల్లే ఉంది, లోతుగా కొట్టారు."

అంగుళాలు చెప్పులు విప్పకుండానే నీళ్ళలోకి దిగాడు. వేలితో తడిమి చూశాడు. పై గీత నున్నగా, లోతుగా, ఆనకట్ట కట్టినవాళ్ళు కొట్టించిన గీత. కిందిది గరుకుగా, తొందరలో కొట్టినట్టుంది. జేబులోంచి టేపు తీసి రెండింటికీ మధ్య కొలిచాడు. సరిగ్గా నాలుగంగుళాలు. ఇంకోసారి కొలిచాడు. అంతే వచ్చింది.

విషయం ఏమిటంటే, ఆ నది పైన కొండమీది ఊటల్లో పుట్టి, మధ్యలో కాలువ రైతుల పొలాలు తడిపి, చివర పట్నం కుళాయిల్లోకి వెళ్తుంది. దేవుడు వాన కురిపించేటప్పుడు ఈ చినుకు ఫలానావాళ్ళదని చీటీ కట్టి పంపడు. పంపి ఉంటే సంఘాలూ మీటింగులూ ఉండేవే కావు. ఎందుకు పంపలేదో ఆయనకే తెలియాలి. కొండ సంఘానికీ, కాలువ రైతుల సంఘానికీ, పట్నం నీళ్ళ ఆఫీసుకీ ముప్పై ఏళ్ళుగా పడేది కాదు. ఆ తగవుల రోజుల్లోనే కాలువవాళ్ళు ఈ స్తంభం మీద అసలు గీత కింద సొంత గీత ఒకటి కొట్టించుకున్నారు. పలక ఎంత కిందికి దిగితే నీళ్ళు అంత ఎక్కువున్నట్టు కనబడతాయి, వాళ్ళ తూము అన్ని రోజులు ఎక్కువ తెరిచి ఉంటుంది. ఆఫీసువాళ్ళు ఆ గీతని ఒప్పుకోలేదు. ఆ తర్వాత పాచి పట్టి, అసలు గీతా దొంగ గీతా రెండూ జనం మర్చిపోయారు.

మూడేళ్ళ కిందట మూడు సంఘాలూ ఎలాగో ఒక మాట మీదికి వచ్చాయి. ఊటలకి ఎగువనున్న వాలుని కొండవాళ్ళు మేకలకీ గొడ్డళ్ళకీ దూరంగా ఉంచాలి, నీళ్ళు జారిపోకుండా కందకాలు తవ్వాలి. బదులుగా కాలువవాళ్ళు పశువుల మేత పంపాలి, పట్నంవాళ్ళు వంటచెరకు పంపాలి. మూడేళ్ళు చూద్దాం, మండువేసవిలో ఆనకట్ట దగ్గర నీళ్ళు పెరిగితే ఇరవై ఏళ్ళకి ఒప్పందం రాసుకుందాం, పెరగకపోతే ఎవరి దారి వాళ్ళది అనుకున్నారు. మొదటి వేసవిలో అతి తక్కువ మట్టం తొమ్మిదంగుళాలు. రెండో వేసవిలో పది. ఈ వేసవిలో పదిహేను. పదిహేనన్న మాట విని కొండమీద ఆడవాళ్ళు ఒకరినొకరు కావిలించుకున్నారని అంగుళాలు విన్నాడు. ఆ అంకె రాసింది తనే కదా అని లోలోపల కొంచెం గర్వపడ్డాడు కూడా.

కిందటి వానాకాలం వరదకి పలక ఊడిపోయింది. వరద తీశాక ఈ మేస్త్రితోనే మళ్ళీ బిగించారు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, పాచి మధ్య కనబడిన గీత మీద వేలు పెట్టి, ఇదిగో ఇక్కడ అని చూపించింది అంగుళాలే.

"మీరు చూపించిన గీతకే పెట్టానండీ," అన్నాడు మేస్త్రి, అడక్కుండానే.

"నిన్నేమీ అనలేదు."

పదిహేనులోంచి నాలుగు తీసేస్తే పదకొండు. ఆరంగుళాలు పెరిగాయనుకున్న నీళ్ళు రెండంగుళాలు పెరిగాయి. రెండంగుళాల కోసం ఇరవై ఏళ్ళకి ఎవరు సంతకం పెడతారు?

మధ్యాహ్నం ఇంట్లో కంచం ముందు పెట్టుకుని పాత పుస్తకాలు తిరగేస్తుంటే భార్య నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి నిలబడింది.

"ఏంటండీ ఆ చదువు? పరీక్షలా?"

చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు, అదే ఆయనకి ఆశ్చర్యం. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, మేస్త్రికీ. ఇప్పుడు నీకు."

"మేస్త్రి ఎవరితోనైనా అంటాడా?"

"పని అయిపోయాక ఆయనకి గోడే గుర్తుండదు, గీతేం గుర్తుంటుంది."

"అయితే ముగ్గురం, పైన దేవుడు."

"ఆయనకి నాకంటే ముందే తెలుసు. తెలిసి కూడా ఎనిమిది నెలలు ఊరుకున్నాడు. గురువారం సంతకాలనగా మంగళవారం చూపించాడు. అదేదో శుక్రవారం చూపిస్తే ఆయన సొమ్మేం పోయేది?"

"శుక్రవారం చూపిస్తే మీరు ఎవరికైనా చెప్పేవారా?"

ఆయన పుస్తకంలో ఇంకో పేజీ తిప్పాడు. ఆవిడ గుచ్చి అడగలేదు. తనే అంది, "చెప్పకపోతే ఎవరికేమవుతుంది, అది చూడండి ముందు. నీళ్ళు వచ్చినంతే వస్తాయి కదా."

"వచ్చినంతే వస్తాయి. కానీ వచ్చే వరదకి పలక మళ్ళీ ఊడుతుంది. ఎవరో ఒకరు సరైన గీతకి పెడతారు. ఒక్కరోజులో నాలుగంగుళాలు మాయమవుతాయి. కాలువవాళ్ళు పట్నంవాళ్ళు దొంగిలించారంటారు, పట్నంవాళ్ళు కొండవాళ్ళు మేకలు తోలారంటారు. మళ్ళీ మొదటికే."

"అంతా మీకే తెలుసుగా. మరి నన్నెందుకు అడుగుతారు?"

"నువ్వు వద్దంటావేమోనని ఆశ."

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. "ఉద్యోగం పోతే పోయింది, ఇంట్లో అంగుళాలు కొలుద్దురు గాని. కానీ ఒకమాట. ముందు కొండమీదికెళ్ళి పెద్దక్క చెవిన వెయ్యండి. దీనివల్ల ఎక్కువ నష్టం వాళ్ళకి. వాళ్ళకి చెప్పకుండా తిన్నగా మీటింగులో అంటే వెనకనుంచి తోసినట్టుంటుంది."

మర్నాడు పొద్దున కొలత రాసేసి అంగుళాలు బస్సెక్కాడు. రెండు గంటల ప్రయాణం, అందులో సగం మలుపులే. కొండ సంఘం అధ్యక్షురాలిని అందరూ పెద్దక్క అంటారు. అరవై దాటిన మనిషి. ఆయన వెళ్ళేసరికి ఊటకి ఎగువన కందకంలో దిగి, పారతో పూడిక తీస్తోంది. మూడేళ్ళ కిందట ఆ వాలు గొరిగిన తలలా ఉండేది. ఇప్పుడు మోకాలెత్తు గడ్డి, మధ్యమధ్య మనిషెత్తు మొక్కలు. కింద ఇళ్ళ దగ్గర కట్టేసిన మేకలు అటే చూస్తూ అరుస్తున్నాయి.

"రా తమ్ముడూ. రేపు మేమే దిగుదామనుకుంటే నువ్వే ఎక్కొచ్చావేంటి? పిలుపులకి వచ్చావా?"

ఆయన నిలబడే చెప్పాడు. గీత సంగతి, పలక సంగతి, తన వేలు సంగతి. పెద్దక్క పార మీద రెండు చేతులూ ఆనించి మొత్తం వింది.

"నిన్ను ఎవరడిగారు స్తంభం తోమమని?" అంది చివరికి.

"ఎవరూ అడగలేదక్కా."

"మూడేళ్ళు. మా చెల్లెలు మందంతా అమ్మేసుకుంది. నేను రోజూ ఆ చివరిదాకా వెళ్ళి గడ్డి కోసుకొచ్చి వాటికి వేస్తున్నా. వినబడుతోందా? అది అరుపు కాదు, నన్ను తిడుతున్నాయి. ఇంట్లోవాళ్ళు తిట్టారు, పక్కింటివాళ్ళు తిట్టారు. ఆరంగుళాలు అనగానే అందరి నోళ్ళూ మూతబడ్డాయి. ఇప్పుడెళ్ళి రెండే అని చెప్పాలా?"

"నేను చెప్తానక్కా. మీరు చెప్పక్కర్లేదు."

"నువ్వు చెప్పేసి బస్సెక్కుతావు. ఇక్కడ కాపురం చేసేది నేను."

పెద్దక్క కందకంలోంచి పైకి వచ్చి, చేతులు కడుక్కోవడానికి ఊట దగ్గరికి నడిచింది. ఆయన వెనకే వెళ్ళాడు. రాతి సందులోంచి చేతిమణికట్టంత ధార పడుతోంది. దాని కింద ఎవరిదో బిందె ఉంది.

"నీ పలక నాకు తెలీదు," అంది ఆవిడ. "నాకు తెలిసిన లెక్క ఒకటే. బిందె పెట్టి, మా వాడలో మొదటి ఇంటి నుంచి మనుషుల పేర్లు చెప్పుకుంటూ పోతాను. మూడేళ్ళ కిందట బిందె నిండేసరికి వాడంతా రెండుసార్లు తిరిగొచ్చేదాన్ని. ఇప్పుడు ఒకటిన్నర."

"వాడలో జనం పెరిగారేమో అక్కా, అందుకని ఒకటిన్నరకే నిండుతోందేమో."

అనేశాక నాలిక కరుచుకున్నాడు, ఇలాంటప్పుడు అనవలసిన మాట కాదని. పెద్దక్క ఆయన వంక ఎగాదిగా చూసింది.

"ఇద్దరు పోయారు, ఇద్దరు పుట్టారు. లెక్క సరి." తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది, "రేపు నేను రాకముందే చెప్పెయ్యకు. నేను వచ్చి కూర్చున్నాక చెప్పు. ఆ కాలువ ప్రెసిడెంటు మీసాలాయన మొహం నేను చూడాలి."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆవిడ చెప్పమన్నట్టా వద్దన్నట్టా అని ఆలోచించాడు. వద్దని మాత్రం అనలేదు. దేవుడు కూడా చాలా సంగతుల్లో అంతేననిపించింది. ఫలానాది చెయ్యమని నోరు తెరిచి చెప్పడు, చేసేటప్పుడు పక్కన కూర్చుంటానంటాడు. అది చాలో చాలదో రేపు తెలుస్తుంది.

గురువారం మీటింగు కాలువ రైతుల సంఘం హాల్లో. పొడుగు బల్ల మీద ఉతికిన దుప్పటి పరిచి, మూడు కొత్త పెన్నులూ మూడు కాపీలూ పెట్టారు. పైన ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేస్తున్నాయని ఎవరో వాటి మీద తాళాలగుత్తి పెట్టారు. కాలువ సంఘం ప్రెసిడెంటు మీసాలాయన మధ్య కుర్చీలో ఉన్నాడు. గొంతు విప్పితే తూము తెరిచినట్టే ఉంటుందని పేరున్న మనిషి. ఎడమ పక్క పట్నం నీళ్ళ ఆఫీసు నుంచి వచ్చిన ఇంజినీరు, ముప్పై ఏళ్ళు నిండని అమ్మాయి, ఫైళ్ళలో ఏదో వెతుక్కుంటోంది. పెద్దక్క నలుగురు ఆడవాళ్ళతో వచ్చి, కుడి పక్క కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుని, అంగుళాల వైపు ఒక్కసారి చూసింది.

"ఏమయ్యా అంగుళాలూ," అన్నాడు మీసాలాయన. "ముందు నీ మూడు అంకెలూ చదివెయ్యి. తర్వాత సంతకాలు, తర్వాత భోజనాలు."

అంగుళాలు లేచాడు. పుస్తకం తెరిచాడు కానీ అందులోకి చూడలేదు.

"తొమ్మిది, పది సరైనవేనండి. మూడోది తప్పు. పదిహేను కాదు, పదకొండు. వరదకి ఊడిన పలకని మళ్ళీ పెట్టేటప్పుడు నేను వేరే గీత చూపించాను. ఎనిమిది నెలలుగా రాసినవన్నీ నాలుగంగుళాలు ఎక్కువ. మొన్న మంగళవారం దాకా నాకూ తెలీదు. తప్పు మేస్త్రిది కాదు, నాది."

వెనక వరసలో ఎవరో "రెండంగుళాలకేనా ఇంత హడావుడి" అని గొణిగారు. పెద్దక్క చూపు మీసాలాయన మొహం మీదినుంచి కదల్లేదు.

ముందు మాట్లాడింది ఇంజినీరు. "వరద తగ్గిన దగ్గర్నుంచా?"

"అవునమ్మా, ఆ వారం నుంచే."

ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకుంది. ఏడుస్తోందేమోనని అంగుళాలు భయపడ్డాడు. చేతులు తీసేసరికి నవ్వుతోంది.

"అయితే మా మీటరు బాగానే ఉంది. మీరు పదిహేనని పంపుతున్నారు, మా మోటార్ల దగ్గర అన్ని నీళ్ళు రావట్లేదు. మా మీటరే చెడిందని రెండుసార్లు విప్పించాను. మీటరు చూసే ఆయన్ని నానా మాటలూ అన్నాను, పాపం. నిన్ననే కొత్త మీటరు కావాలని పైకి రాశాను." ఫైల్లోంచి కాగితం తీసి వేలితో లెక్క చూసుకుంది. "పదకొండయితే సరిగ్గా సరిపోతోంది."

మీసాలాయన కుర్చీలో ముందుకి వంగాడు.

"ఏ గీతకి పెట్టావు?" అన్నాడు, మామూలు మనుషుల గొంతుతో.

"కింది గీతకండి. మీవాళ్ళు... వెనకటి రోజుల్లో కొట్టించింది."

"మావాళ్ళు కాదు. మా నాన్న. నేనే లాంతరు పట్టుకున్నాను, పద్నాలుగేళ్ళవాణ్ణి." తాళాలగుత్తి కింద ఉన్న కాపీ లాక్కుని, దాని వెనక పెన్సిలుతో ఏదో రాశాడు. దాన్ని అందరికీ కనబడేలా ఎత్తాడు. తొమ్మిది, పది, పదకొండు. "వానలు మూడేళ్ళూ ఒక్కలాగే పడ్డాయా?"

"ఈ ఏడు కొంచెం తక్కువేనండి," అంది ఇంజినీరు.

"నేను చెప్పేది వినండి. పదిహేనని విన్నరోజు నేనేమనుకున్నానో తెలుసా? కొండవాళ్ళూ పట్నంవాళ్ళూ కలిసి ఈ అంగుళాల్ని పట్టుకుని నన్ను ముంచుతున్నారనుకున్నా. ఒక్క ఏడాదిలో ఐదంగుళాలు ఎగరడమేంటి, నీళ్ళేమైనా మేకపిల్లా? ముప్పై ఏళ్ళు తూము దగ్గర నిలబడ్డ మనిషిని, నాకు తెలీదూ? అందుకే ఆరో షరతు పెట్టించాను, ఎవరైనా ఎప్పుడైనా విడిపోవచ్చని. సంతకం పెట్టి, ఏడాది తిరక్కుండా విడిపోదామనే అనుకున్నా."

"ఆ సంగతి నీ మొహంలోనే కనబడింది," అంది పెద్దక్క.

"కనబడితే అడగొచ్చుగా!"

"అడిగితే చెప్పేవాడివేనా?"

ఆయన మీసం సవరించుకున్నాడు. "చెప్పేవాణ్ణి కాదు." పెన్సిలు తిప్పి ఆ అంకెల మీద కొట్టాడు. "కానీ ఇది చూడండి. ఏడాదికో అంగుళం. నేలలోకి ఇంకిన నీళ్ళు ఇలాగే నడుస్తాయి. ఇది నమ్ముతాను. మా పొలాల చివర్న ఉన్నవాడికి ఒక్క అంగుళమంటే ఇంకో వారం తడి. ఇరవై ఏళ్ళలో ఎంతవుతుందో మీరే చెప్పండి."

"ఇరవై అవదండీ, ఎక్కడో ఆగుతుంది," అంది ఇంజినీరు.

"ఆగనీ అమ్మా. ఆగినచోట ఆగుతుంది."

కొత్త పెన్ను మూత తీసి ఆరో షరతు మీద అడ్డంగా గీత గీశాడు. మూడు కాపీల్లోనూ గీశాడు. పెద్దక్క ఆ కాగితం తన వైపు లాక్కుని, గీత నిజంగానే ఉందా అన్నట్టు దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆవిడ వెంట వచ్చినవాళ్ళలో ఒకామె "అయితే మా మేకలు ఏడాదికో అంగుళం సంపాదించాయన్నమాట" అనేసరికి హాలంతా నవ్వింది. మేకలచేత కూడా సంతకం పెట్టిద్దామని వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

అంగుళాలు ఇంకా నిలబడే ఉన్నాడు. "మరి నా సంగతండీ?"

"నీ సంగతేంటి?"

"తప్పు చేశాను కదా. ఏదో ఒక చర్య..."

ఇంజినీరు ఒప్పందం కాపీ ఆయన ముందు పెట్టింది. "పదిహేను కొట్టేసి, పక్కన మీ చేత్తోనే పదకొండు వెయ్యండి. దాని పక్కన మేం ముగ్గురం పొట్టి సంతకాలు పెడతాం. ఇకమీదట పలక విప్పినా బిగించినా మూడు సంఘాల మనుషులూ అక్కడ ఉండాలి. మీరొక్కరే నీళ్ళలో దిగి వేలు పెట్టడానికి వీల్లేదు. ఇదే చర్య."

ఆయన పదకొండు వేశాడు. ఇరవై రెండేళ్ళుగా అంకెలు వేస్తున్న చెయ్యే, అయినా ఒకటి వంకరగా పడింది.

భోజనాలయ్యాక అందరూ పలక చూసి, దాన్ని పై గీతకి మార్చే రోజు అనుకుని వచ్చారు. కొండవాళ్ళ బస్సు మూడింటికి. పెద్దక్క ఎక్కి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆయన్ని పిలిచింది.

"వచ్చే వేసవికి పన్నెండు చూపించు తమ్ముడూ."

"నేను చూపించేదేముందక్కా. ఉన్నది చదువుతాను."

"అదీ సరేలే. పదకొండున్నర ఉన్నా పదకొండున్నరే అను. మా వాళ్ళకి నేను చెప్పుకుంటాను."

బస్సు మలుపు తిరిగిందాకా చూసి, అంగుళాలు బస్టాపు బల్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం కొలతకి ఇంకా మూడు గంటలుంది. ఇంటికెళ్ళి భార్యకి చెప్పాలి, ఆవిడ ఎదురుచూస్తూ ఉంటుంది. లేద్దామనుకున్నాడు. ఎండ వెచ్చగా ఉంది, నీడ చల్లగా ఉంది, వీపు గోడకి ఆనుకుంది. కళ్ళు మూతలు పడ్డాయి.

కాసేపటికి అటుగా వచ్చిన మేత లారీ, దారికి అడ్డంగా నిలబడ్డ సైకిలు చూసి హారన్ మోగించబోయింది. పక్కనే ఉన్న హాలుకి తాళం వేసి వస్తున్న మీసాలాయన గబగబా రోడ్డు మధ్యకి వచ్చి, రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"కొట్టకు, కొట్టకు," అన్నాడు, ఆ గొంతుతో ఎప్పుడూ ఎవరూ విననంత మెల్లగా. "అంగుళాలు నిద్రపోతున్నాడు."

సైకిలు తనే ఎత్తి పక్కన పెట్టి, లారీని చేత్తో పొమ్మన్నాడు.